డ్రోన్ నడపడం నేర్చుకుందాం – 3వ పాఠం: పడినా లేచే మొదటి డ్రోన్‌ను ఎంచుకోవడం

గత పాఠంలో నాలుగు రెక్కల డ్రోన్ గాలిలో ఎలా నిలబడుతుందో చూశాం. ఎదురెదురు మూలల్లోని రెండు రెక్కలు ఒక దిశలో, మిగిలిన రెండూ దానికి వ్యతిరేక దిశలో తిరగడం వల్ల డ్రోన్ తన చుట్టూ తాను గిర్రున తిరిగిపోకుండా ఉంటుందనీ, ఆ నాలుగింటి వేగాల్లో తేడాలు తెచ్చి దాన్ని ముందుకూ వెనక్కీ పక్కలకూ కదిలిస్తామనీ తెలుసుకున్నాం. ఇక చేతికి ఒక డ్రోన్ కావాలి. తక్కువ ధరలో, కెమెరా ఉన్నదాన్ని, నేర్చుకోవడానికి పనికొచ్చేలా ఎంచుకోవడం ఎలా అన్నదే ఈ పాఠం.

ముందుగా ఒక సంగతి ఒప్పుకుని మొదలుపెడదాం. మీ మొదటి డ్రోన్ పడుతుంది. గోడకు కొట్టుకుంటుంది, కొమ్మల్లో చిక్కుకుంటుంది, వెల్లకిలా పడి గడ్డిలో రెక్కలు టపటప కొట్టుకుంటుంది. ఇది మీ చేతకానితనం కాదు, నేర్చుకోవడమంటేనే అది. కనుక డ్రోన్ చూడగానే "ఇది వీడియో ఎంత బాగా తీస్తుంది" అని కాక, "ఇది పడ్డాక ఎంతసేపట్లో, ఎంత ఖర్చుతో మళ్లీ లేస్తుంది" అని అడగాలి. మొదటి ప్రశ్నకు జవాబు పెట్టె మీదే పెద్ద అక్షరాల్లో అచ్చువేసి ఉంటుంది. రెండోదానికి జవాబు మనమే వెతుక్కోవాలి.

బరువు

80 గ్రాముల డ్రోన్ 5 మీటర్ల ఎత్తునుంచి పడితే, గాలి అడ్డుపడటాన్ని లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, నేలను తాకే క్షణంలో దాని శక్తి దాదాపు 4 జౌళ్లు. అదే ఎత్తునుంచి 249 గ్రాములది పడితే 12 జౌళ్లు దాటుతుంది. మోటార్లను మోసే డ్రోన్ చేతులు విరగడమా, గీతలతో బయటపడటమా అన్నది చాలావరకు ఈ తేడాయే తేలుస్తుంది. అది పొరపాటున మనిషికి తగిలినా లెక్క ఇదే. అందుకే మొదటి డ్రోన్ 100 గ్రాములకు అటూ ఇటూగా ఉండాలని నేను చెబుతాను.

చాలా దేశాల నిబంధనల్లో 250 గ్రాములు ఒక హద్దు. అంతకంటే తేలికైనవాటికి సడలింపులు ఎక్కువ. అలాగని తేలికైనదానికి నియమాలే ఉండవని అనుకోకండి. ఉదాహరణకు ఐరోపా సమాఖ్యలో, బొమ్మల కోవలోకి రాని కెమెరా డ్రోన్ 250 గ్రాముల లోపు ఉన్నా నడిపేవారు తమ పేరు నమోదు చేసుకోవాలి. మీరున్న చోట విమానయాన అధికారులు ఏం చెప్పారో కొనకముందే ఒకసారి చదువుకోండి.

తేలికదనానికి మరో ముఖం గాలి. ఆకులూ సన్నని రెమ్మలూ ఆగకుండా కదులుతుంటే గాలి వేగం సెకనుకు 3.4 నుంచి 5.4 మీటర్ల మధ్య ఉన్నట్టు. బోఫర్ట్ కొలమానంలో ఇది 3వ అంకె. చిన్న డ్రోన్ల గరిష్ఠ వేగం సెకనుకు 8 మీటర్లు ఉంటే గొప్ప. అంటే ఎదురుగాలిలో దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి మన చేతిలో మిగిలేది సెకనుకు ఏ మూడు మీటర్లో. ఆకులు కదులుతున్నప్పుడు చిన్న డ్రోన్‌ను బయటికి తీయకపోవడమే దీనికి మందు. ఇంతకంటే బరువైనదాన్ని కొనడం మందు కాదు.

మోటార్లు, రెక్కలు

చౌక డ్రోన్లలో ఉండేవి ఎక్కువగా బ్రష్ మోటార్లు. 8.5 మిల్లీమీటర్ల వ్యాసం, 20 మిల్లీమీటర్ల పొడవుతో చిటికెన వేలి కొసంత ఉండే చిన్న లోహపు గొట్టం ఇది. దాన్నుంచి రెండే తీగలు వస్తాయి. లోపల బ్రష్‌లు తిరిగే భాగాన్ని రాసుకుంటూ కరెంటు అందిస్తాయి కనుక, వాడేకొద్దీ అవి అరిగిపోతాయి. గాలిలో గడిపిన గంటలు పెరిగేకొద్దీ ఒక్కో మోటారూ నీరసిస్తుంది. బ్రష్‌లెస్ మోటారులో ఈ రాపిడి లేదు; దానికి మూడు తీగలుంటాయి, వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ విడిగా ఉంటుంది, బలమూ ఆయుష్షూ ఎక్కువ. మీ బడ్జెట్‌లో బ్రష్‌లెస్ దొరికితే మంచిదే, కానీ దొరకలేదని దిగులు పడనక్కర్లేదు. ఆ బలం కొత్తవారి చేతిలో పడితే దెబ్బా బలంగానే తగులుతుంది. బ్రష్ మోటారు కొన్నవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి: ఒక బ్యాటరీ అయిపోగానే వెంటనే ఇంకొకటి పెట్టకుండా మోటార్లు చల్లారేదాకా ఆగాలి, మోటారు తీగల చివర ఊడదీసి పెట్టుకునే ప్లగ్గు ఉందో, లేక బోర్డుకు టంకం వేసి ఉందో కొనకముందే కనుక్కోవాలి. ప్లగ్గు ఉంటే మోటారు మార్చడం పది నిమిషాల పని. టంకం అయితే పనిముట్లూ ఓపికా రెండూ కావాలి.

నా మొదటి డ్రోన్ కొన్ని వారాలకే ఎడమవైపు వెనుక మూలకు ఒరగడం మొదలుపెట్టింది. ఒరుగును సరిదిద్దే ట్రిమ్ బటన్లు నొక్కి నొక్కి విసిగిపోయాను. మోటారు కాలిపోయిందని తేల్చేసి, కొత్తది తెప్పించే ప్రయత్నంలో ఉండగా, ఎందుకో ఆ మూల రెక్కను ఊడదీసి చూశాను. రెక్కకూ మోటారుకూ మధ్యనున్న సన్నని ఇరుసు మీద పొడవాటి తలవెంట్రుక ఒకటి దారపు ఉండలా చుట్టుకుని ఉంది. పట్టకారుతో కొస పట్టి లాగితే చుట్లు చుట్లుగా ఊడివచ్చింది. ఆ సాయంత్రం డ్రోన్ నిటారుగా నిలబడింది. గది నేల మీద దిగే ప్రతి చిన్న డ్రోన్‌కూ ఈ జబ్బు తప్పదు. రెక్క సులువుగా ఊడివచ్చే నిర్మాణం ఉంటే వైద్యం కూడా సులువు.

రెక్కల విషయంలో గోరే మన పరికరం. కొనగోటిని రెక్క అంచు వెంట మెల్లగా జరిపితే కంటికి కనబడని నొక్కు కూడా తగులుతుంది. నొక్కు పడిన రెక్క వణుకుతుంది, ఆ వణుకు మోటారును అరగదీస్తుంది, కెమెరాలో బొమ్మను అలలు అలలుగా చేస్తుంది. అందుకని రెక్కలు నూనె దీపపు వత్తుల్లాంటివి, ఎప్పటికప్పుడు మార్చుకోవాల్సిందే. డ్రోన్‌తో పాటు ఒక జత అదనపు రెక్కలు ఇస్తారు, అవి చాలవు. రెక్కలు, మోటార్లు, బ్యాటరీ ఆ మోడల్‌కు విడిగా దొరుకుతాయా అన్నది డ్రోన్ కొనకముందే వెతకండి. ఒకే డ్రోన్ పది పేర్లతో అమ్ముడుపోయే మార్కెట్ ఇది. పెట్టె మీది ముద్దుపేరును కాక మోడల్ అంకెను పట్టుకుని వెతికితేనే విడిభాగాల జాడ తెలుస్తుంది. జాడ దొరకకపోతే ఆ డ్రోన్ ఎంత చౌకైనా వదిలేయండి. డ్రోన్ కొని రెక్కల దగ్గర వెనకాడటం ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే ఉంటుంది.

రెక్కల చుట్టూ బిగించే రక్షణ చట్రాలు గదిలో తప్పనిసరి. ఆరుబయట అవి గాలిని పట్టి డ్రోన్‌ను తోసుకుపోతాయి, బరువు పెంచి బ్యాటరీని తినేస్తాయి. తీసి పెట్టుకునే వీలుండాలి, అంతే.

బ్యాటరీ లెక్క

పెట్టె మీద 10 నిమిషాలని ఉంటే మీకు వచ్చేది 7 లేదా 8. ఆ అంకె గాలి కదలని చోట, నిండు బ్యాటరీ పూర్తిగా అయిపోయేదాకా కొలిచినది. మనం అలా చివరిదాకా నడపకూడదు. ఈ డ్రోన్లలో ఉండే లిథియం పాలిమర్ బ్యాటరీ ఒక్కో సెల్‌కు పేరుకు 3.7 వోల్టులు, నిండా ఛార్జయ్యాక 4.2. దాన్ని 3 వోల్టుల దాకా పిండేస్తే పాడవుతుంది. కొంత మిగిలుండగానే దించడం మొదటిరోజు నుంచే అలవాటు కావాలి.

యూఎస్‌బీ తీగతో ఛార్జ్ చేయడానికి గంటకు పైగా పట్టడం మామూలే. ఒకే బ్యాటరీ ఉంటే, 7 నిమిషాలు ఎగరేసి గంటసేపు కాచుక్కూర్చోవాలి. బొటనవేళ్లకు ఒక పని అలవడాలంటే దాన్ని వెంట వెంటనే పదేపదే చేయాలి. 7 నిమిషాల్లో మొదటి రెండు నిమిషాలు బెదురు తీరడానికే సరిపోతాయి. అదే మూడు బ్యాటరీలుంటే, మధ్యలో మోటార్లను చల్లార్చుకుంటూ సాగినా ఒకే పూట 20 నిమిషాలకు పైగా సాధన కుదురుతుంది. కనుక ధరలు పోల్చేటప్పుడు డ్రోన్ ధరను డ్రోన్ ధరతో పోల్చకండి. డ్రోన్, మూడు బ్యాటరీలు, నాలుగు జతల రెక్కలు కలిపి ఒక్కో మోడల్‌కు ఎంతవుతుందో వేసుకుని, ఆ మొత్తాలను పోల్చండి. చౌకగా కనిపించినది ఖరీదవడం, ఖరీదుగా కనిపించినది దిగిరావడం అప్పుడు చూస్తారు.

బ్యాటరీని బయటికి తీయలేని అతిచిన్న డ్రోన్లు కూడా ఉన్నాయి. ముచ్చటగా ఉంటాయి, సాధనకు పనికిరావు. ఇక భద్రత: ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జ్ చేయకూడదు; ఎగిరి దిగిన వెంటనే వేడి మీద ఛార్జింగ్ పెట్టకూడదు; ఛార్జింగ్ పెట్టి బయటికి వెళ్లకూడదు. చాలా రోజులు వాడనప్పుడు సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర, అంటే సుమారు సగం ఛార్జితో దాచాలి.

తనంతట తాను ఎంతవరకు నిలబడాలి?

ఈ పాఠంలో అసలు ఆలోచించాల్సింది ఇక్కడే. చౌక డ్రోన్లలో కూడా వంపును పసిగట్టే జైరోస్కోపు, యాక్సిలరోమీటరు ఉంటాయి. అవి డ్రోన్‌ను నేలకు సమాంతరంగా ఉంచుతాయే కానీ ఎత్తునూ స్థానాన్నీ పట్టించుకోవు. వాటి పైన మూడు రకాల సాయాలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ వస్తాయి.

మొదటిది బారోమీటరుతో ఎత్తును నిలపడం. ఒక మీటరు పైకి పోతే గాలి పీడనం సుమారు 12 పాస్కళ్లు తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర మొత్తం పీడనం లక్షా వెయ్యికి పైగా పాస్కళ్లు ఉంటుందని తలచుకుంటే, గోరంత సెన్సారు ఎంత చిన్న తేడాను పట్టుకుంటోందో అర్థమవుతుంది. అంత సున్నితం కనుకనే ఎవరైనా తలుపు దభాలున వేసినా, ఫ్యాను గాలి తగిలినా అది తడబడి డ్రోన్ ఒక్కసారి ఎగిసిపడుతుంది. అయినా మొదటి డ్రోన్‌లో ఈ సాయం ఉండి తీరాలి. ఇది లేకపోతే, రిమోట్‌లో ఎత్తును నడిపే ఎడమ బొటనవేలు క్షణం ఏమరకుండా ఎత్తును కాపాడటంతోనే సరిపోతుంది, కుడివేలికి ఏమీ నేర్పలేం.

రెండోది కింది వైపు చూసే చిన్న కెమెరా. నేల మీది గీతలూ మచ్చలూ ఎటు జరుగుతున్నాయో చూసి, డ్రోన్‌ను అదే చోట నిలుపుతుంది. దీనికి వెలుతురు కావాలి, నేలకు ఏదో ఒక నమూనా ఉండాలి. తెల్లని నున్నటి నేల మీద, నీటి మీద, మసక చీకట్లో ఇది చేతులెత్తేస్తుంది. గదిలో నేల మరీ నున్నగా ఉంటే నాలుగు వార్తాపత్రికలు పరచండి, తేడా వెంటనే కనబడుతుంది.

మూడోది జీపీఎస్. ఆరుబయట ఉపగ్రహాల ఆధారంగా నిలబడుతుంది, సంకేతం తెగితే బయలుదేరిన చోటికి తిరిగొస్తుంది. గదిలో సరిగా పనిచేయదు. ఇనుప కట్టడాల దగ్గర దిక్సూచి తప్పుదారి పట్టవచ్చు.

నేర్చుకునేవారికి ఈ మూడూ ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. నేను ఒప్పుకోను. జీపీఎస్ ఉన్న డ్రోన్ రిమోట్ మీది స్టిక్ వదలగానే ఉన్నచోట ఆగిపోతుంది. ఆగడం మన చేతిపని అన్న ఎరుక మనకు కలగనే కలగదు. బారోమీటరు ఒక్కటే ఉన్నది స్టిక్ వదిలాక కూడా పాత ఊపుతో జారుకుంటూ పోతుంది. దాన్ని ఆపడానికి కుడివేలు క్షణకాలం వ్యతిరేక దిశలో నొక్కి వదలాలి. ఆ చిన్న ఎదురు నొక్కే ఈ విద్యకు ప్రాణం. ఏదో ఒకరోజు మసక వెలుతురులో కింది కెమెరా సాయం మానేసినప్పుడు, లేదా దిక్సూచి గందరగోళపడి డ్రోన్ ఒక పక్కకు కొట్టుకుపోతున్నప్పుడు, ఆ నొక్కు వేలికి వచ్చినవారు దాన్ని మామూలుగా దించుకుంటారు. రానివారు ఫోను తెర వైపూ ఆకాశం వైపూ మార్చి మార్చి చూస్తుండిపోతారు. కనుక బారోమీటరు తప్పనిసరి, కింది కెమెరా ఉంటే సరే, జీపీఎస్ రెండో డ్రోన్‌కు. 249 గ్రాముల బరువూ, కెమెరాను నిలకడగా పట్టి ఉంచే మూడు అక్షాల గింబలూ ఉన్న డ్రోన్ల వంతు కూడా అప్పుడే.

ప్రకటనల్లో "హెడ్‌లెస్ మోడ్" అని ఒకటి కనిపిస్తుంది. డ్రోన్ ముఖం ఎటు తిరిగి ఉన్నా, స్టిక్‌ను ముందుకు తోస్తే డ్రోన్ మననుంచి దూరంగానే వెళుతుంది. ఉంటే ఉండనివ్వండి, వాడకండి. డ్రోన్ ముఖం మనవైపు తిరిగినప్పుడు కుడి ఎడమలు తారుమారవడాన్ని మెదడు జీర్ణించుకోవడమే 6వ పాఠం. ఈ బటన్ ఆ పాఠాన్ని ఎగ్గొట్టిస్తుంది. దానికి బదులు ముందువైపు ఒక రంగు, వెనుకవైపు మరో రంగు దీపాలున్నాయో లేదో చూడండి.

చేతిలోని రిమోట్

ఫోను తెర మీద గీసిన వృత్తాల్లో వేళ్లు జరుపుతూ నడపడం నేర్చుకోవద్దు. గాజు మీద వేలికి మధ్య ఎక్కడో, అంచు ఎక్కడో తెలియదు. నిజమైన రెండు స్టిక్కుల రిమోట్ కావాలి. ఎడమ స్టిక్‌తో ఎత్తూ తిరుగుడూ, కుడి స్టిక్‌తో ముందువెనుకలూ పక్కలూ ఉండే అమరికను మోడ్ 2 అంటారు. ఈ పాఠాలన్నీ దాని ప్రకారమే సాగుతాయి. వేగాన్ని తగ్గించి పెట్టుకునే వీలూ, ఆపదలో మోటార్లను ఒక్కసారిగా ఆపే బటనూ ఉండాలి.

చివరికి కెమెరా

కెమెరాను చివరికి నెట్టానని చిన్నబుచ్చుకోకండి. మీ ఎగురవేతను మీరే తర్వాత చూసుకోవడానికి అది బాగా ఉపయోగపడుతుంది. నేరుగా నడిపాననుకున్న దారి వీడియోలో పాములా మెలికలు తిరిగి కనబడుతుంది, అదే పాఠం. దానికి 1280×720 చుక్కల బొమ్మ చాలు.

పెట్టె మీద "4కె" అని ఉన్న ఒక చౌక డ్రోన్‌ను నేనూ ఆశపడి కొన్నాను. తీసిన వీడియో ఫైలు వివరాల్లో 3840×2160 అనే ఉంది. కానీ చెట్టు ఆకులు పచ్చరంగు ముద్దలా ఉన్నాయి. గోడ మీది అక్షరాల అంచులు మైనం కరిగినట్టు ఉన్నాయి. ఆ వీడియోను 1280×720కి కుదించి, మళ్లీ పెద్దది చేసి పక్కపక్కన పెట్టి చూస్తే రెండింటికీ తేడా లేదు. 4కె చట్రంలో దాదాపు 83 లక్షల చుక్కలుంటే 1280×720లో ఉండేవి 9 లక్షల పైచిలుకు, సరిగ్గా తొమ్మిదో వంతు. అంటే తొమ్మిదింట ఎనిమిది పాళ్లు సాఫ్ట్‌వేరు ఊహించి నింపినవే. అందుకని అంకెను నమ్మకండి. ఆ మోడల్‌తో మామూలు మనుషులు తీసిన వీడియోలో దూరపు ఆకులను చూడండి.

వీడియో ఎక్కడ నిలవవుతుందో కూడా అడగండి. డ్రోన్‌లోనే మెమరీ కార్డు ఉంటే నయం. వైఫై మీద ఫోనుకు పంపి అక్కడ దాచుకునేవాటిలో సంకేతం తడబడినచోటల్లా బొమ్మ తెగుతుంది. కెమెరాను రిమోట్‌తో పైకీ కిందికీ వంచే ఏర్పాటును కొందరు గింబల్ అన్నట్టుగా చెబుతారు. అది గింబల్ కాదు. డ్రోన్ ఒరిగినా బొమ్మను నిలకడగా పట్టి ఉంచేదే గింబల్, ఈ ధరల్లో అది మామూలుగా దొరకదు.

పోలికకు ఒక కొలబద్ద కావాలంటే 2018లో వచ్చిన రైజ్ టెలోను తీసుకోండి. బరువు 80 గ్రాములు, పెట్టె మీది ఎగిరే సమయం 13 నిమిషాలు, ఫొటోలు 5 మెగాపిక్సెళ్లు, వీడియో 1280×720. కింది కెమెరా ఉంది, బ్యాటరీ తీసి పెట్టుకోవచ్చు. రిమోట్ విడిగా కొనుక్కోవాలి, వీడియో ఫోనులోనే నిలవవుతుంది, మోటార్లు బ్రష్‌వే. దాన్నే కొనమని కాదు. మీరు చూస్తున్నది ఇంతకంటే ఎక్కువ ఇస్తానంటే, ఆ ఎక్కువ నిజమేనా అని తరచి చూడటానికి.

వచ్చే పాఠంలోగా చేయాల్సిన పని

మీకు నచ్చిన మూడు మోడళ్ల పేర్లు నోటుపుస్తకంలో రాసి, ఒక్కోదాని ఎదురుగా బరువు, మూడు బ్యాటరీలతో కలిపి అయ్యే ఖర్చు, విడి రెక్కలూ మోటార్లూ దొరికే చోటు, ఎత్తును నిలిపే సాయం ఉందా లేదా, రిమోట్ రకం రాయండి. కెమెరా గడిని చివర ఉంచండి. ఏ గడిలోనైనా "తెలియదు" అని రాయాల్సి వస్తే, అది తెలిసేదాకా కొనకండి.

డ్రోన్ ఇంటికి వచ్చిన రోజు ఎగరేయవద్దు. బ్యాటరీతో సహా తూకం వేసి, పెట్టె మీది అంకెతో సరిపోల్చండి. నాలుగు రెక్కల మీదా తిరిగే దిశను తెలిపే ఏ, బీ గుర్తులు చూసుకుని, ఒక రెక్కను ఊడదీసి తిరిగి అదే మోటారుకు బిగించండి. తిరిగే దిశకు సరిపోని రెక్కను పెడితే అది గాలిని కిందికి కాక పైకి నెడుతుంది, డ్రోన్ లేవబోయి బోర్లాపడుతుంది. తర్వాత బ్యాటరీలు మూడింటికీ 1, 2, 3 అని అంకెలు వేసి, మీరు దగ్గరుండి ఛార్జ్ చేయండి. నాలుగో పాఠంలో వాటిలో ఒకటవ బ్యాటరీతో డ్రోన్‌ను నడుమెత్తున నిలబెడదాం.